సెల్లార్‌లో ఊట, పైన ట్యాంకర్

మా వీధి మొదట్లో, మెయిన్ రోడ్డు మీద, నాలుగేళ్ల క్రితం ఒక పెద్ద కాంప్లెక్స్ వచ్చింది. దానికి రెండు అంతస్తుల సెల్లార్ ఉంది. ఆ సెల్లార్‌లో ఊరే నీటిని తోడి బయట పోయడానికి ఒక మోటారు రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. ఎండాకాలంలో కూడా అది ఆగదు. నీలం రంగు పైపు ఒకటి సెల్లార్ ర్యాంపు పక్కగా పైకి వచ్చి, ఫుట్‌పాత్ అంచున నీటిని వదిలిపెడితే, ఆ నీరు రోడ్డు వాలున పారి మ్యాన్‌హోల్‌లోకి పోతుంది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్లినప్పుడు ఆ ధారను దాటి వెళ్లడం నాకు అలవాటైపోయింది. ఏప్రిల్ నెలలో ఒక రోజు అదే కాంప్లెక్స్ ముందు నీళ్ల ట్యాంకర్ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగి, గొట్టం విప్పి, సంపులోకి నీళ్లు వదులుతూ కనిపించింది. ఒకే భవనం ఒక చేత్తో నీళ్లు పారబోస్తూ మరో చేత్తో కొనుక్కుంటున్న ఆ దృశ్యం ముందు, పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని కాసేపు నిలబడిపోయాను. ట్యాంకర్ డ్రైవర్ నన్ను చూసి, తన బండి దారికి అడ్డమైందని అనుకున్నట్టున్నాడు, "అయిపోయింది సార్, ఐదు నిమిషాలు" అన్నాడు.

మాది హైదరాబాద్‌లోని నల్లకుంట. ఊరి పేరులోనే కుంట ఉంది. పక్కనే నాగమయ్యకుంట, కాస్త అవతల అంబర్‌పేట వైపు బతుకమ్మకుంట. హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు మిగిలిన నీటిని మూసీకి చేర్చే నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, అంబర్‌పేట మీదుగానే పోతుంది. ఇక్కడి నేల వాలు, ఇక్కడి పేర్లు, ఇక్కడి తేమ అన్నీ ఒకే విషయం చెబుతాయి. ఇది నీరు వచ్చి నిలిచే, నిలిచి పారే చోటు. ఈ సంగతి మా నాన్నగారి తరానికి తెలుసు. మా తరానికి తెలిసినా పట్టలేదు. ఇప్పుడు ఫ్లాట్లు కొనుక్కుని వస్తున్న వారికి దీన్ని చెప్పేవారు లేరు, ఎందుకంటే చెప్పవలసినవాడు బ్రోకరు.

నాన్నగారు ఇక్కడ 267 గజాల స్థలం 1978లో కొన్నారు. ఇల్లు పూర్తయి గృహప్రవేశం చేసేటప్పటికి 1981 వచ్చింది. ముందు బావి తవ్వించి, ఆ నీళ్లతోనే గోడలు తడిపి ఇల్లు కట్టుకున్నారు. పద్దెనిమిది అడుగులకే నీళ్లు పడ్డాయని ఆయన చివరి దాకా గర్వంగా చెప్పుకునేవారు, అదేదో తన ప్రయోజకత్వమైనట్టు. అప్పటికి వీధిలో పద్నాలుగు స్థలాలు, పద్నాలుగు ఇళ్లు. ఇంటికి సగటున ఆరుగురు. ఎవరి ఇంట్లో కొబ్బరిచెట్టుంది, ఎవరి ఇంట్లో కరివేపాకు చెట్టుంది, ఎవరి నల్లా పల్లంలో ఉండి ముందుగా వస్తుంది అనేవి అందరికీ తెలిసిన విషయాలు. మా నగరంలో కుళాయి అనే మాట వాడరు, నల్లా అంటారు. నీళ్లు రావడాన్ని కూడా "నల్లా వచ్చింది" అనే అంటారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన వాడికి ఆ రెండు మాటలు ఎంత తెల్లవారుజామున చెవిన పడినా మెలకువ వస్తుంది.

ఇక్కడ నేను పాత వీధిని స్వర్గంగా చిత్రిస్తున్నానని అనుకోవద్దు. అప్పటి గేట్లకు వేలాడిన టు-లెట్ బోర్డుల మీద "శాకాహారులకు మాత్రమే" అని ఉండేది. మా గేటుకూ ఉండేది. దాని అర్థం కూర గురించి కాదని అందరికీ తెలుసు. 1980లలో చుక్కా రామయ్య గారి ఐఐటీ కోచింగ్ కోసం జిల్లాల నుంచి పిల్లలు నల్లకుంటకు వచ్చి గదులు వెతుక్కునేవారు. ఆ కోచింగ్‌లో చేరడానికే ఒక ప్రవేశపరీక్ష ఉండేది, అందులో నెగ్గిన పిల్లవాడు కూడా మా వీధిలో గది దొరకాలంటే ముందు ఇంటిపేరు చెప్పుకోవలసి వచ్చేది. నాన్నగారు మంచివారే, కానీ ఈ ఒక్క విషయంలో ఆయనను సమర్థించలేను. ఇవాళ మా వీధిలో ఉన్న మూడు హాస్టళ్లలో ఎవరి ఇంటిపేరూ ఎవరూ అడగరు. ఆధార్ కార్డు, రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు. పై అంతస్తుల నుంచి ఆదివారం మధ్యాహ్నం వచ్చే మసాలా వాసనకు ముక్కు మూసుకునేవారు కూడా లేరిప్పుడు. వీధి మారడం వల్ల జరిగిన మేలు ఇది, చిన్న మేలేమీ కాదు.

మొదటి అపార్ట్‌మెంట్ 1994లో వచ్చింది. మూలనున్న రిటైర్డ్ హెడ్‌మాస్టారు గారి ముగ్గురు కొడుకులకు ఒక ఇంటిని మూడు ముక్కలు చేయడం చేతకాక, స్థలాన్ని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. డెవలప్‌మెంట్ అనే ఈ మాటను మా ప్రాంతంలో ఎవరూ అభివృద్ధి అనే అర్థంలో వాడరు. స్థలం మనది, ఖర్చు బిల్డరుది, కట్టిన తరువాత వచ్చిన ఫ్లాట్లలో సగం సగమో అరవై నలభయ్యో పంచుకోవడం అని దాని అర్థం. పైగా గుడ్‌విల్ అని కొంత రొక్కం, కట్టినన్నాళ్లు అద్దె. ఆలోచిస్తే ఇది ఆస్తి పంపకాల సమస్యకు మధ్యతరగతి కనిపెట్టుకున్న పరిష్కారం. తండ్రి పోయాక అమెరికాలో ఒకరు, బెంగళూరులో ఒకరు, ఇక్కడ ఒకరు ఉన్న పిల్లలకు ఒక ఇంటిని సమంగా పంచడానికి దాన్ని కూలగొట్టి పెట్టెలు పెట్టెలుగా కట్టడం తప్ప వేరే దారి తోచదు. అందుకని నేను ఎవరినీ తప్పుపట్టను. పద్నాలుగింటిలో పన్నెండు స్థలాలు ఒకదాని తరువాత ఒకటి ఇలాగే పోయాయి. తొమ్మిది అపార్ట్‌మెంట్లు, మూడు హాస్టళ్లు. మిగిలినవి రెండే ఇళ్లు. ఒకటి మాది, రెండోది ఎదురుగా ఉన్న ఒక టీచరమ్మ గారిది.

అనుమతుల సంగతి ఒక ముక్క చెప్పాలి. మా స్థలాల కొలతకు, మా వీధి వెడల్పుకు పది మీటర్ల ఎత్తు దాటకూడదు, అంటే కార్లు నిలపడానికి స్తంభాల మీద ఖాళీగా వదిలే స్టిల్ట్, దాని మీద మూడంతస్తులు. తొమ్మిది అపార్ట్‌మెంట్లలోనూ నాలుగో అంతస్తు ఉంది. రెండింటికి దాని మీద పెంట్‌హౌస్ కూడా ఉంది. నాలుగో అంతస్తు ఎలా వచ్చిందని అడిగితే, "రెగ్యులరైజేషన్ స్కీమ్ వస్తుంది, అప్పుడు డబ్బు కట్టేస్తాం" అనేవారు. స్కీములు నిజంగానే వచ్చాయి, 2007లో బీపీఎస్ (భవనాల జరిమానా పథకం) పేరుతో, 2015లో బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం) పేరుతో. ఒకసారి క్షమించిన తప్పును రెండోసారి చేసేవాడు తప్పుగా భావించడు కదా, మూడో స్కీమును నమ్ముకుని కట్టిన అంతస్తులు ఎన్నో. ఆ తరువాత 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 600 గజాల లోపు స్థలంలో పది మీటర్ల లోపు నివాస భవనానికి యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న వారికి అది పెద్ద ఊరటే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. అయితే ఆ దరఖాస్తులో స్థలం కొలతలు ఉన్నాయి, రోడ్డు వెడల్పు ఉంది, భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్ ఉంది. రోడ్డు కింద ఉన్న పైపు ఎన్ని అంగుళాలది, దాని మీద ఇప్పటికే ఎంత భారం ఉంది అని ఒక్కొక్క కొత్త భవనం దగ్గర లెక్క చూసుకునే అలవాటు మాత్రం మా వీధిలో ఎవరికీ, కట్టేవాడికీ కొనేవాడికీ కూడా, కలగలేదు.

ఆ లెక్క నేనే ఒక ఆదివారం కూర్చుని వేశాను. నగరవాసికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని, అందులో ఇంచుమించు ఎనభై శాతం మురుగుగా బయటికి వస్తుందని మన దేశంలో ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది. పద్నాలుగు ఇళ్లు, ఎనభై నలుగురు మనుషులు ఉన్న రోజుల్లో మా వీధి మురుగు రోజుకు తొమ్మిది వేల లీటర్లు. ఇప్పుడు 74 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, హాస్టళ్లలో నూట యాభై మంది, మా రెండిళ్లలో ఆరుగురం, మొత్తం 452 మంది. మురుగు రోజుకు దాదాపు 49 వేల లీటర్లు. ఐదు రెట్లకు పైనే పెరిగింది. పైపు మాత్రం అప్పటిదే, ఆరు అంగుళాల స్టోన్‌వేర్ పైపు. దాని అతుకుల్లోకి మా టీచరమ్మ గారి వేపచెట్టు వేళ్లు దూరాయని ఒకసారి తవ్వినప్పుడు కళ్లారా చూశాం. చెట్టు కొట్టేయాలని అందరూ అన్నారు. పైపు మార్చాలని అన్నవారు తక్కువ.

మామూలు రోజుల్లో ఆ పైపు ఎలాగో నెట్టుకొస్తుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, హాస్టళ్లలోనూ ఫ్లాట్లలోనూ అందరూ ఒక్కసారిగా స్నానాలు చేసే వేళ, మా గేటు ముందున్న మ్యాన్‌హోల్ మూత అంచుల నుంచి బుడబుడమని శబ్దం వస్తుంది. వాన పడినప్పుడు అసలు కథ మొదలవుతుంది. దానికి కారణం తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వాననీరు పోవలసిన దారి వేరు, మురుగు పోవలసిన దారి వేరు. మా వీధిలో వాననీటి కాలువ లేదు. అందుచేత ప్రతి బిల్డరూ డాబా మీది వాననీటి పైపును కిందికి తెచ్చి, రెండు అడుగులు నేలలో దాచి, మురుగు చాంబర్‌కే కలిపేశాడు. బయటికి ఏమీ కనిపించదు. ఒక డాబా విస్తీర్ణం 180 చదరపు మీటర్లు అనుకుందాం. గంటలో ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఆ ఒక్క డాబా నుంచే తొమ్మిది వేల లీటర్లు దిగుతాయి. అంటే 1981లో మా వీధి మొత్తం రోజంతా పంపిన మురుగుకు సమానం. పన్నెండు డాబాల నుంచి లక్షా ఎనిమిది వేల లీటర్లు. రోజంతటి మురుగుకు రెండింతల నీరు ఒక్క గంటలో ఆరు అంగుళాల పైపులోకి దూరాలంటే ఎక్కడికి పోతుంది? వెనక్కి తన్ని, అందరికంటే పల్లంలో ఉన్న మా బాత్‌రూమ్ జాలీలోంచి పైకి వస్తుంది.

ప్రతి ఏటా ఇది జరిగినప్పుడల్లా ఫోన్ చేస్తాం. ఇరుకు వీధుల్లో దూరగల చిన్న జెట్టింగ్ బండి వస్తుంది, అప్పటికి పూడిక లాగేసి వెళుతుంది. ఆ బండితో వచ్చిన ఒక కుర్రవాడు క్రితం జూలైలో నాతో అన్న మాట ఇది: "సార్, ఇది జామ్ కాదు. పైపు బాగానే ఉంది. మీరే ఎక్కువ పోస్తున్నరు." అంత సూటిగా మా వీధి సమస్యను చెప్పినవారు వేరొకరు లేరు. ఆ మాట నేను అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. డాబా పైపులను మురుగు నుంచి విడదీసి, కనీసం సెట్‌బ్యాక్‌లో ఇంకుడు గుంతలోకి మళ్లిద్దామని రాశాను. పదకొండు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. ఒకాయన, సెట్‌బ్యాక్‌లో టైల్స్ వేసి అయిపోయిందని, వాటిని పగలగొడితే రంగు కలిసే టైల్స్ ఇప్పుడు దొరకవని జవాబిచ్చారు. చర్చ అక్కడితో ముగిసింది.

పెద్ద వానలు రెండు గుర్తున్నాయి. ఒకటి 2000 ఆగస్టు 24 నాటిది. ఒక్క రోజులో నగరంలో 24 సెంటీమీటర్లు కురిసింది. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా పొంగి, దాని వెంబడి ఉన్న కాలనీలన్నీ మునిగాయి. మా వీధిలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. కానీ ఆ నీరు ఎర్రగా, మట్టి రంగులో ఉండి, మరునాటి సాయంత్రానికి దాదాపుగా తీసింది. అప్పటికి సగం ఇళ్లకు మట్టి పెరళ్లు ఉన్నాయి. రెండోది 2020 అక్టోబర్ 13 రాత్రి నాటిది. ఈసారి కూడా మోకాలి లోతే. నీరు మాత్రం నల్లగా ఉంది, మూడు రోజులు కదల్లేదు. కార్లన్నీ స్టిల్ట్‌లో తేలాయి. వాచ్‌మన్ కుటుంబాలు ఉండేది ఆ స్టిల్ట్‌లోనే, లిఫ్టు పక్కన కట్టిన ఎనిమిదడుగుల గదుల్లో. పాలమూరు నుంచి వచ్చిన ఒక వాచ్‌మన్ భార్య ఆ రాత్రి ఇద్దరు పిల్లలను, గ్యాస్ స్టవ్‌ను, బియ్యం డబ్బాను మెట్ల మీదికి చేర్చింది. ఆ తరువాత మా ఇంట్లో రెండు రాత్రులు పడుకున్నారు. పై అంతస్తుల్లో ఉన్న వారికి ఆ రాత్రి నెట్ పోయింది, లిఫ్టు ఆగింది. అదే భవనానికి, అదే వానకు, ఎవరు ఏ ఎత్తులో నిద్రపోతారన్న దాన్ని బట్టి నష్టం మారింది.

మురుగు సంగతి అలా ఉంటే, నల్లా సంగతి మరోలా ఉంది. ఈ నగరానికి 1965 నుంచి మంజీరా నీళ్లు, 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 చివర నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి. కృష్ణా, గోదావరి రెండూ నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, గుట్టలెక్కి మరీ వస్తాయి. అంత దూరం వచ్చిన నీరు మా వీధి చివరి ముప్పై గజాలు రాలేకపోవడానికి కారణం మేమే. నల్లా వచ్చేది రోజు విడిచి రోజు, గంటన్నర. మొదటి అపార్ట్‌మెంట్ వారు లైనుకే మోటారు బిగించి లాగడం మొదలుపెట్టారు. దానితో రెండో వారికి ధార సన్నబడింది, వారూ బిగించారు. చివరికి మేమూ బిగించాం. నేరం అని తెలుసు. కానీ సంపు నిండకపోతే అమ్మకు స్నానానికి నీళ్లు ఉండవు. అందరూ ఒకేసారి లాగితే లైనులో ఒత్తిడి పోయి, ఎక్కడో పగిలిన చోట నుంచి పక్కనే పారుతున్న మురుగును కూడా పైపు లోపలికి పీల్చుకుంటుంది. వానాకాలంలో మొదటి ఐదు నిమిషాలు నల్లా నీళ్లు వాసన రావడానికి అదే కారణం. ఫీవర్ ఆసుపత్రి మాకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు, క్వారంటైన్ అనే మాట మన నాలుక మీద అలా అరిగింది. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడి ఓపీ వరుసలో మా వీధి ముఖాలు ఒకటి రెండయినా కనిపిస్తాయి.

ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమని 2021లో పథకం వచ్చినప్పుడు మీటర్లు పెట్టించుకోవడానికి అందరం పరుగెత్తాం. ఉచితం అన్న మాట బాగుంది. అయితే గంటన్నరలో పైపులో వచ్చేదెంతో అంతే కదా వచ్చేది. మిగిలిన లోటును బోర్లు తీర్చాలి. హైదరాబాద్ నేల గ్రానైట్ రాయి. పైన మెత్తబడిన పొరలో కాస్త నీరు నిలుస్తుంది, దాని కింద రాతి పగుళ్లలో ఉన్నంతే ఉంటుంది, అంతకు మించి చెలమలేమీ ఉండవు. మొదటి అపార్ట్‌మెంట్ బోరు 1994లో 150 అడుగులు. క్రితం ఏడాది వేసిన బోరు 900 అడుగులు దాటింది. మూడు రోజులు వీధంతా తెల్లటి రాతిపొడి కమ్మింది, చివరికి చెయ్యంత లావు ధార కూడా పడలేదు. నీరు, భూమి, చెట్ల సంరక్షణకు వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ బోరు బండి మాత్రం శనివారం రాత్రి పది గంటలకు వచ్చింది.

ఇంత లోతున దొరకని నీరు కాంప్లెక్స్ సెల్లార్‌లో పాతిక అడుగులకే ఎందుకు ఊరుతోందన్న ప్రశ్నకు జవాబు ఆ పై పొరలో ఉంది. పాత కుంటల నేల తడిని వదలదు. దానికి పగిలిన పైపుల మురుగు, కారే నల్లాల నీరు తోడవుతాయి. మా బావి కూడా ఇంకా ఉంది. దుర్వాసన వేస్తోందని 1999లో దాని మీద బండ కప్పించాం. క్రితం మే నెలలో ఆ బండ జరిపి చూస్తే నీళ్లు పన్నెండడుగులకే ఉన్నాయి. సీసాలో పట్టి ప్రయోగశాలకు ఇచ్చాను. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, మా బావి నీటిలో అంతకు దాదాపు మూడింతలు ఉంది. తాగడానికి పనికిరాదు. కానీ బాత్‌రూముల్లో ఫ్లష్‌కు, మొక్కలకు, కార్లు కడగడానికి, స్టిల్ట్ కడగడానికి ఏం దోషం? ఒక ఫ్లాటు వాడే నీటిలో ఇంచుమించు మూడోవంతు అలాంటి పనులకే పోతుంది. ఆ పనులకు కృష్ణమ్మను నాగార్జునసాగర్ నుంచి ఎక్కించుకుని రావాలా?

బతుకమ్మకుంట సంగతి చూశాక నాకీ ఆలోచన గట్టిపడింది. 1960ల నాటి లెక్కల్లో ఆ కుంట పద్నాలుగు ఎకరాల పైచిలుకు. ఏళ్ల తరబడి మట్టి, కట్టడాల శిథిలాలు పోసి పోసి, ఐదెకరాల చిల్లర మిగిలింది. అది కూడా కుంటలా కాక, ముళ్లచెట్ల బీడులా కనిపించేది. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆ కాస్తనూ బాగుచేయడానికి 2025 ఫిబ్రవరిలో తవ్వడం మొదలుపెట్టగానే కొద్ది అడుగుల్లోనే నీరు ఉబికింది. పైపు పగిలిందేమోనని కొందరు అనుమానించారు కూడా. అదే ఏడాది సెప్టెంబరులో, బతుకమ్మ పండుగ రోజుల్లో, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దాన్ని ప్రారంభించారు. అమ్మను తీసుకువెళ్లి చూపించాను. గట్టు మీద కుర్చీలో కూర్చుని చాలాసేపు నీళ్లనే చూసి, "మన బావి నీళ్లు ఇక్కడివేనేమో" అంది. భూగర్భశాస్త్రం ప్రకారం అది నిజమో కాదో గాని, ఆమె ఎనభై నాలుగేళ్ల లెక్క ఆమెది.

ఇక మా ఇంటి విషయం. తప్పించుకుంటూ వచ్చాను గాని, మా వంతు వచ్చింది. చెల్లెలు న్యూజెర్సీలో ఉంది, తమ్ముడు బెంగళూరులో. ముగ్గురం వీడియో కాల్‌లో రెండు నెలలు మాట్లాడుకున్నాక డెవలప్‌మెంట్‌కి ఇవ్వడానికే నిశ్చయించాం. స్లాబ్ కారుతోంది, మరమ్మతుకు పెట్టే డబ్బు ఇంటి విలువలో కలవదు, అమ్మ మెట్లు ఎక్కలేదు, లిఫ్టు కావాలి. ఇంతకాలం ఈ వీధిని లెక్కలతో విమర్శించిన వాడినే పదమూడో డాబా కట్టబోతున్నాను. ఎదురింటి టీచరమ్మ గారికి చెప్పడానికి వెళ్తే, ఆవిడ కాఫీ ఇచ్చి, "నాకు తెలుసు నాయనా, కొలతల మనిషి టేపు పట్టుకుని తిరుగుతుంటే నిన్ననే చూశాను" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

బిల్డరు యువకుడు, మర్యాదస్తుడు. సగం సగం. మూడంతస్తులు, ఆరు ఫ్లాట్లు, మాకు మూడు. నాలుగో అంతస్తు వద్దని మేం ముందే చెప్పాం. దానికి ఆయన కొంచెం దిగులు పడ్డా ఒప్పుకున్నాడు, గుడ్‌విల్ మాత్రం తగ్గించాడు. అగ్రిమెంటులో నేను మరో మూడు మాటలు రాయమన్నాను. డాబా వాననీటిని మురుగు చాంబర్‌కు కలపకూడదు, ఇంకుడు గుంతకు మళ్లించాలి. ఫ్లష్‌లకు వేరే పైపులైను, డాబా మీద వేరే ట్యాంకు పెట్టి, వాటికి బావి నీళ్లు ఇవ్వాలి. మూడోది, బావిని పూడ్చకూడదు.

మొదటిదానికి వెంటనే సరేనన్నాడు. రెండోదానికి ఫోన్ తీసి లెక్క వేసుకుని, ఖర్చు చెరి సగం అన్నాడు. మూడోదాని దగ్గర ప్లాన్ కాగితం బల్ల మీద పరిచి, బావి ఉన్న చోట పెన్సిల్‌తో గుండ్రంగా సున్నా చుట్టి, నా వైపు తిప్పాడు.

"ఇది సరిగ్గా ఒక కారు పార్కింగ్ సార్. స్టిల్ట్‌లో ఆరే వస్తాయి, ఫ్లాటుకొకటి. బావి ఉంచితే ఐదు. నా వాటాలో తగ్గిస్తే ఫ్లాటు అమ్ముడుపోదు. మీ మూడింటిలో ఒకటి వదులుకుంటారా?"

నాకు స్కూటర్ ఉంది. తమ్ముడు తన ఫ్లాటును అద్దెకిస్తాడు, పార్కింగ్ లేకపోతే అద్దె రాదంటాడు. చెల్లెలు రెండేళ్లకోసారి వచ్చి మూడు వారాలు ఉంటుంది, ఆ మూడు వారాలూ క్యాబ్‌లోనే తిరుగుతుంది. ఇప్పుడు అక్కడ అర్ధరాత్రి. తెల్లవారాక ఫోన్ చేయాలి.